పాత రేకులు ఏమయ్యాయంటే

గారేజీల వీధిలో మా ఆయన్ని నిదానం మేస్త్రీ అనేవాళ్ళు. గుద్దుకుని నొక్కుకుపోయిన బళ్ళ రేకుల్ని కొట్టి సరిచేసే టింకరింగ్ పని ఆయనది. మిగతా షాపుల్లో పొద్దున వచ్చిన బండి సాయంత్రానికి వెళ్ళిపోయేది. మా ఆయన దగ్గరికొస్తే మూడు రోజులు కాపురమే. ఎవరైనా తొందరపెడితే సుత్తి వాళ్ళ చేతికిచ్చి, "సరే, మీరు కొట్టండి, నేను చూస్తాను" అని బల్ల మీద కూర్చునేవారు. వచ్చినవాళ్ళు కిక్కురుమనకుండా సుత్తి తిరిగిచ్చేసి వెళ్ళేవాళ్ళు.

పక్క షాపు పుట్టీ అన్నయ్యది. పుట్టీ పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, రంగు కొట్టే పెయింటరు. ఆ తెల్లటి దుమ్ము కనుబొమ్మల మీద కూడా పేరుకుని ఉండేది, అందుకే ఆ పేరు. మా ఆయన ఎంత నిదానమో అతను అంత హడావుడి. పొద్దున్నే మా గేటు తీస్తూనే, "చెల్లెమ్మా, మీవాడు లేచాడా, లేవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాడా?" అని కేకేసేవాడు. లోపల్నుంచి ఈయన, "ఒరేయ్, నువ్వొచ్చావని తెలిసి మళ్ళీ పడుకున్నా" అనేవారు. ఇరవై రెండేళ్ళు ఆ వరస మారలేదు. ఈయన కొట్టి నున్నగా చేసిన బండికి అతనే రంగేయాలి. మరొకరు వేస్తే ఈయనకి అన్నం సయించేది కాదు.

అన్నయ్యకి ఒక్క పాడలవాటు ఉండేది. ఎవరి దగ్గర పనికొచ్చే ముక్క కనిపించినా అడక్కుండా ఎత్తుకెళ్ళేవాడు. రేకుముక్క, గుప్పెడు నట్లు, అరసీసా థిన్నరు. మర్నాడు తనే వచ్చి, "నీ థిన్నరు బాగుందిరా, ఏ కొట్లో కొన్నావు?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. అతని ఆ అలవాటునే తర్వాత నేను వాడుకున్నాను.

మూడేళ్ళ కిందట వాళ్ళిద్దరూ కలిసి ఒక పాత పికప్పు బండిని లాక్కొచ్చి మా పెరట్లో పెట్టారు. గుండ్రటి లైట్లు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, వెనక చెక్క పలకల తొట్టి. కుడిపక్క బాగానే ఉంది. ఎడమపక్క మాత్రం తుప్పు పట్టి జల్లెడైపోయింది.

"ఎవరిదండీ ఇది?" అన్నాను.

"మాదే."

"ఎవరికోసం చేస్తున్నారు?"

"ఎవరికోసమూ కాదు. తొందరపెట్టేవాడు లేని బండి ఒక్కటైనా చేద్దామని" అన్నారు.

పుట్టీ అన్నయ్య అందుకుని, "అంటే మన మనవలు పెద్దయ్యాక వాళ్ళు నడుపుతారని అర్థం, చెల్లెమ్మా" అన్నాడు. మనవల మాట అటుంచి పిల్లలే లేరు మాకు. అతనికీ పెళ్ళి కాలేదు. ముగ్గురం పగలబడి నవ్వాం.

రేకు పని ఈయనది, రంగు పని అతనిది అని పంచుకున్నారు. ఆ బండి తయారుచేయడం కంపెనీవాళ్ళు మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు దొరికేవన్నీ వేరేవాళ్ళెవరో అచ్చులో ఒత్తి అమ్మే డూప్లికేటు రేకులు. ఎడమ తలుపు, ముందు మడ్‌గార్డు, తలుపు కింద ఉండే పొడుగాటి పలక తెప్పించారు. నల్లరంగు పూతతో, అట్టపెట్టెల్లో, కొత్త పెళ్ళికూతుళ్ళలా దిగాయి. చూడ్డానికి అచ్చం పాతవాటిలాగే ఉన్నాయి. అసలు సంగతి బిగించబోతేనే తెలుస్తుందని ఆయన చెప్పారు. బోల్టు కన్నం ఒకటి అటు పోతుంది, ఒకటి ఇటు. అంచు వంపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. లోపలివైపు పట్టీలు అసలే ఉండవు, పాత రేకు నుంచి కోసి కొత్తదానికి అతికించుకోవాలి. అందుకే ఆ వీధిలో అందరికీ ఒకటే కట్టుబాటు. కొత్త రేకు బండికెక్కి కుదురుగా కూర్చునేదాకా, పాత రేకు ఎంత కుళ్ళినా పారేయకూడదు. కొలత దానిలోనే ఉంటుంది.

ఈ కట్టుబాటు నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

పాత రేకులు మూడింటినీ బట్టలుతికే రాయి పక్కన గోడకి చేరేసి ఉంచారు. రెండు నెలలున్నాయి. వాటి అంచులు నా చీరలు రెండు చింపాయి. ఉతికిన దుప్పటి గాలికి వాటి మీద పడితే తుప్పు మరక ఇక వదల్లేదు. తీయండి తీయండి అని రోజూ పోరేదాన్ని. "ఈ వారం, ఈ వారం" అనేవారు. ఆయన వారాలు నాకు తెలుసు కదా.

ఒకరోజు ఆయన షాపుకి వెళ్ళాక పాత ఇనుము బండివాడు వీధిలో అరుస్తూ పోతున్నాడు. పిలిచాను. "నాకేమీ ఇవ్వక్కర్లేదు, మోసుకుపోతే చాలు" అన్నాను. వాడు ఒక్కొక్కటీ ఎత్తి బండిలో వేశాడు. మడ్‌గార్డు ఎత్తి తిప్పినప్పుడు, ఇన్నాళ్ళూ గోడవైపున్న మొహం నావైపు తిరిగింది. దాని మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో 'ఉంచు' అని రాసి ఉంది. నేను నాలుగో తరగతి దాకా చదివాను. ఆ రెండక్షరాలు చదవడం నాకొచ్చు. ఆగు అని ఒక్క మాటంటే సరిపోయేది. వాణ్ణి అప్పటికే రెండుసార్లు కసిరి తొందరపెట్టాను, మళ్ళీ దింపమంటే ఏమనుకుంటాడో అనిపించింది. గోడ పక్కన ఖాళీ అయిన చోటు చూస్తే హాయిగా కూడా ఉంది. వాడు వెళ్ళిపోయాడు. ఆ చోటు శుభ్రంగా కడిగాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. కుళాయి చప్పుడు రాలేదు.

"ఇక్కడి రేకులేవీ?" అన్నారు.

వచ్చి చూశాను. ఆ ముఖం అంతకుముందెప్పుడూ చూడలేదు. కోపం కాదు. బస్సులో బిడ్డ చెయ్యి జారిపోయినవాడిలా ఉన్నారు.

"పొద్దున పుట్టీ అన్నయ్య వచ్చి వెళ్ళాడు" అన్నాను.

అంతే అన్నాను. అది నిజమే. అన్నయ్య పొద్దున వచ్చాడు, గేటు దగ్గరే నిలబడి నీళ్ళు తాగి వెళ్ళాడు. ఆ నిజాన్ని నేనెక్కడ పెట్టానో నాకు తెలుసు.

ఆయన అన్నం తినకుండా షాపుకి వెళ్ళారు. అక్కడ జరిగింది నాకు తర్వాత తెలిసింది.

"ఒరేయ్, ఆ రేకులు తీశావా?" అని ఈయన అడిగారట.

అతను ఎప్పటిలాగే, "తీశాను. అమ్ముకుని మేడ కట్టుకుంటున్నా, గృహప్రవేశానికి నువ్వు రావాలి" అన్నాడట.

"వేళాకోళం కాదు. ఎక్కడున్నాయి?"

"నీ నిదానానికి విసుగొచ్చి వాటంతటవే నడిచెళ్ళిపోయి ఉంటాయి."

ఈయన పదిమందిలో, "నువ్వు దొంగవిరా" అన్నారు. జన్మలో ఎవరినీ ఒక్క మాట అనని మనిషి. అన్నయ్య చేతిలో ఉన్న రంగు డబ్బా కింద పెట్టి, వెళ్ళి రెండు షాపుల మధ్య ఉన్న తడిక వేసేశాడట. ఆ రోజు నుంచి ఆ తడిక ఎప్పుడూ వేసే ఉండేది.

మర్నాడు నేను ఇనుము బండివాడి కోసం నాలుగు వీధులు తిరిగాను. దొరికాడు. సరుకు అప్పుడే కరిగించే చోటికి వెళ్ళిపోయిందన్నాడు. ఇంటికొచ్చి ఆయనకి చెబుదామనుకున్నాను. ముందు రేకుల సంగతొక్కటే చెప్పాల్సింది. ఇప్పుడు రేకుల సంగతీ, అన్నయ్య సంగతీ రెండూ చెప్పాలి. రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెరిగిందేగాని తగ్గలేదు.

బండి ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. కొలత లేకుండానే బిగిస్తానని ఆయన పట్టుపట్టారు. కుడి తలుపు మీద అట్టముక్కలు పెట్టి వంపు గీసుకుని, ఆ అట్టల్ని తిరగేసి ఎడమవైపుకి కొలత చేసుకున్నారు. లోపలి పట్టీలు చేత్తో తయారుచేశారు. కానీ తలుపు ఎక్కించడం ఒంటరి పని కాదు. ఒకరు తలుపుని ఎత్తి పట్టుకోవాలి, ఒకరు లోపల కూర్చుని కీళ్ళ దగ్గర బోల్టులు బిగించాలి. ఆ ఎత్తి పట్టుకునే చెయ్యి ఎప్పుడూ పుట్టీ అన్నయ్యదే.

ఒక ఆదివారం ఆయన తలుపు పక్కన ఊరికే నిలబడి ఉన్నారు. నేను చీర చెంగు దోపుకుని వెళ్ళి, "ఎక్కడ పట్టుకోవాలో చెప్పండి" అన్నాను.

"నీ వల్ల కాదులే."

"ఇరవై నాలుగేళ్ళుగా మిమ్మల్ని మోస్తున్నాను, ఈ తలుపెంత?"

ఆయన నవ్వారు. గొడవ తర్వాత అదే మొదటిసారి.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ తర్వాతి ఎనిమిది నెలలూ నా కాపురంలో అన్నిటికన్నా బాగున్న రోజులు. అంతకుముందు ఆయన మాటలన్నీ షాపులో అయిపోయేవి, ఇంటికి మిగిలేవి కావు. ఇప్పుడు ఆదివారాలన్నీ నావే. తలుపు అడుగున గోనెపట్టా మడిచి, మోకాలి మీద ఆనించుకుని పట్టుకునేదాన్ని. "ఎత్తు. ఇంకా. చాలు. కొంచెం నీవైపు" అంటూ ఆయన లోపల్నుంచి చెప్పేవారు. బోల్టులన్నీ వేళ్ళతో మాత్రమే బిగించి, తలుపు వేసి, తీసి, మళ్ళీ వదులు చేసేవారు. ముందు తలుపు, దానికి తగ్గట్టు మడ్‌గార్డు, దానికి తగ్గట్టు బానెట్టు. ఒకదాన్ని కదిపితే మూడూ కదిలేవి. కన్నం కలవకపోతే గుండ్రటి ఆకురాయితో అరగదీసేవారు. అరిగిపోయిన చెప్పు నుంచి కోసిన రబ్బరు ముక్క ఒకటి పెట్టుకుని, తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య సందులో పైనుంచి కిందికి జార్చేవారు. ఇరుక్కుంటే సందు తక్కువ, జారిపడితే ఎక్కువ. ఆ ముక్క ఒకే తీరున జారాలి. కొన్నాళ్ళకి నేనే జార్చి, "ఇక్కడ బిగువుగా ఉందండీ" అని చెప్పగలిగాను.

ఒకరోజు ఆయన, "పుట్టీగాడి కన్నా నీ చెయ్యే నయం. వాడు మాట్లాడుతూ మాట్లాడుతూ తలుపు వదిలేసేవాడు" అన్నారు.

ఆ మాటకి సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఒకడి పేరు చెరిపి, వాడి చోట్లో నిలబడి, వాడి కన్నా నేను నయమనిపించుకున్నాను.

అక్కడ వీధిలో అన్నయ్యని ఏమంటున్నారో నాకు తెలియకపోలేదు. అతను ఏ షాపులోకి అడుగుపెట్టినా, "రేకులు లోపల పెట్టండ్రా, పుట్టీ వస్తున్నాడు" అనేవాళ్ళట. వేళాకోళానికే అనేవాళ్ళు. అయినా అన్నారు కదా.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం, ఆయన రబ్బరు ముక్క జార్చి, ఆపి, నేల మీద కూర్చున్నారు.

"తీస్తే తీశాడు" అన్నారు.

నాకర్థమైంది. అయినా, "ఏమిటండీ?" అన్నాను.

"వాడికి అలవాటే కదా. రేకుముక్క కోసం మనిషిని వదులుకుంటామా? ఇప్పుడే వెళ్ళి తీసుకొస్తా. ఈ బండికి వాడు కాక ఇంకెవడు రంగేస్తాడు?"

చొక్కా తొడుక్కున్నారు కూడా. ఆయన వెళ్తే అతను తీయలేదంటాడు. తీయకపోతే ఎవరు అన్న మాట వస్తుంది. గేటు దాకా వెళ్ళిన మనిషిని వెనక్కి పిలిచాను.

"కింద ఆ చివర సందు ఇంకా కుదరలేదు కదండీ. ఇలా చూస్తే వెక్కిరిస్తాడు. అది కూడా అయ్యాక పిలవండి, వచ్చే ఆదివారం."

ఆయన వెనక్కి తిరిగి తలుపు కింద చివరని చూశారు. పనిలో లోపం చూపిస్తే ఆగిపోతారని నాకు తెలుసు. ఆగిపోయారు.

గురువారం మధ్యాహ్నం షాపులో బల్ల మీద కూర్చుని నీళ్ళడిగారట. నీళ్ళు తెచ్చేలోగా అయిపోయింది.

పుట్టీ అన్నయ్య వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. అందరూ వెళ్ళేదాకా నిలబడి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. నేను చూశాను. పిలవలేదు.

పదకొండు నెలల తర్వాత ఆయన పనిముట్లు తెచ్చుకోవడానికి షాపుకి వెళ్ళాను. ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపతను సాయానికి వచ్చి, "అన్నీ జాగ్రత్తగా చూసుకోండి వదినా, పక్కనే పుట్టీ ఉన్నాడు" అని నవ్వాడు. తడిక అవతల ఎమరీ కాగితం చప్పుడు వినిపిస్తోంది. ఒక మాటంటే రెండు మాటలు తిప్పికొట్టే మనిషి ఏదో ఒకటి అంటాడని చూశాను. ఏమీ అనలేదు. రుద్దుతూనే ఉన్నాడు. అలవాటైపోయిందన్నమాట.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. అతను ఒక కారు తలుపు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. జుట్టు కూడా పుట్టీతో పనిలేకుండానే తెల్లబడింది.

"అన్నయ్యా, ఆ రేకులు నువ్వు తీయలేదు" అన్నాను.

"తెలుసమ్మా. తీయనివాణ్ణి నేనే కదా" అన్నాడు, తల తిప్పకుండా.

"పాత ఇనుము బండికి నేనిచ్చేశాను."

చెయ్యి ఆగింది.

"మరి వాడితో నా పేరు చెప్పింది నువ్వేనా?"

"నువ్వు తీశావని చెప్పలేదు. పొద్దున నువ్వొచ్చావని చెప్పాను."

"అబ్బో" అన్నాడు. "చాలా తేడా ఉందిలే."

నేను ఏడ్చాను. అతను ఊరుకోమనలేదు. ఎమరీ కాగితం కింద పడేసి అన్నాడు. "వాడికి నాతో విసుగొచ్చి, వదిలించుకోడానికి వంక పెట్టాడనుకున్నా. చచ్చినవాణ్ణి రోజూ తిట్టుకుంటున్నా తెలుసా? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

"నన్ను తిట్టు అన్నయ్యా."

"నిన్ను తిడితే ఏమొస్తుంది? నాకు తెలిసిందే నాకొచ్చి చెప్తున్నావు. తెలియనివాళ్ళు బయటున్నారు. వాళ్ళకి చెప్పు."

చెప్పాను. ఆ రోజే, వెల్డింగ్ షాపు ముందు నిలబడి. సీట్లు కుట్టేవాడు, బ్యాటరీలవాడు, మరో ఇద్దరు టింకరింగ్ మేస్త్రీలు ఉన్నారు. నేను అంతకుముందు ఆ వీధిలో తలెత్తి నడిచినదాన్ని కాదు, నలుగురిలో గట్టిగా మాట్లాడినదాన్ని కాదు. మొదటిసారి చెబితే సీట్లవాడికి వినపడలేదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సివచ్చింది. సుద్దముక్కతో రాసింది చదివానని కూడా చెప్పాను.

వెల్డింగతను నేల చూస్తూ, "పోనీలెండి వదినా, ఎప్పటి సంగతో" అన్నాడు.

"పోనీయడానికి నీదేమన్నా పోయిందట్రా?" అన్నాడు పుట్టీ అన్నయ్య వెనకనుంచి. ఎవరూ నవ్వలేదు.

ఆ ఆదివారం అన్నయ్య వెల్డింగతన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కేక లేదు, మామూలుగా గేటు తీశాడు. పెరట్లో ఎర్రటి ప్రైమరు పూతతో ఉన్న బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మడ్‌గార్డు మీద, తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని తడిమాడు. రేకు ఎత్తుపల్లాలు చెయ్యి చెప్పినట్టు కన్ను చెప్పదని మా ఆయన కూడా అలాగే చూసేవారు. తలుపు కింద చివరకొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇదిలా వదిలేశాడా? వాడు వదలడే."

అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. వీధిలో చెప్పనిది, ఇంకెవరికీ తెలియనిది అదొక్కటే.

"అది అయ్యాకే నిన్ను పిలవమని నేను ఆపాను. పోవడానికి నాలుగు రోజుల ముందు నీ దగ్గరికే బయల్దేరారు" అన్నాను.

అతను లేచి నిలబడ్డాడు. "ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

"'తీస్తే తీశాడు, రేకుముక్క కోసం మనిషిని వదులుకుంటామా' అన్నారు."

"తీస్తే తీశాడు అన్నాడా?"

"అన్నారు."

"అంటే తీశాననే అనుకుని పోయాడు."

"అవును."

"అయినా వస్తానన్నాడు."

"చొక్కా తొడుక్కున్నారు. గేటు దాకా వెళ్ళారు."

అతను నావైపు చూడలేదు. మడ్‌గార్డుకి మొహం ఆనించి నిలబడ్డాడు. భుజాలు కదిలాయి. వెల్డింగతను పనిముట్ల సంచీలో ఏదో వెతుకుతున్నట్టు వంగాడు. చాలాసేపటికి అన్నయ్య చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, "తలుపు విప్పాలి" అన్నాడు. నేను అలవాటు కొద్దీ గోనెపట్టా మడుస్తూ ముందుకొచ్చాను.

"మీరు లోపలికి వెళ్ళండి" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో నన్ను మీరు అనలేదు. లోపలికి వచ్చేశాను.

వంటింటి కిటికీలోంచి కనిపిస్తోంది. వెల్డింగతనికి పట్టుకోవడం రాదు. రెండు చేతులతో పైనే పట్టుకుంటున్నాడు, అడుగు జారిపోతోంది. మోకాలు ఆనించు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మధ్యాహ్నం దాటాక కుదిరింది. రబ్బరు ముక్క పైనుంచి కిందికి ఆగకుండా జారింది. తలుపు వేస్తే ఒకే ఒక్క చప్పుడు, మెత్తగా. "చూశావా వాడి పని! నేను చేసింది వెంట్రుకవాసి" అని అతను వెల్డింగతనితో అన్నాడు. నన్ను పిలవలేదు. పిలవకపోవడమే సబబు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు పుట్టీ పెట్టడం, రుద్దడం, కడగడం. నాలుగో ఆదివారం దుమ్ము లేవకుండా నేల తడిపి, రంగు కలిపి, కంప్రెసరు ఆన్ చేశాడు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, రంగు కొట్టే గన్ను ఎత్తబోతూ ఆగి, ఇటు తిరిగాడు.

"కిటికీ మూయండి. దుమ్ము పడుతుంది" అన్నాడు.

మూశాను.